కొత్త ఎఫ్‌డీ తెచ్చిన రిజెక్షన్: ఒక యూకే స్టూడెంట్ వీసా కేసు

2025 సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో రిజెక్షన్ లెటర్‌తో సహా నా చేతికి వచ్చిన ఫైల్ ఇది. అబ్బాయిది దుగ్గిరాల వైపు పల్లె. బీటెక్ మెకానికల్ అయింది, ఐఈఎల్‌టీఎస్ స్కోరు బాగానే ఉంది, ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న ఒక యూనివర్సిటీలో ఏడాది ఎమ్మెస్సీకి సీటు వచ్చింది. తండ్రి వరి, పసుపు సాగు చేస్తాడు. మొదటి అప్లికేషన్ ఇంకో కన్సల్టెన్సీలో వేయించారు. యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది కాబట్టి విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోకుండా పని చేసే చోటు అది. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. కేసు మొత్తం తేదీల మీదే నడిచింది కాబట్టి వాటి వరస మాత్రం చెడగొట్టలేదు.

తండ్రి మొదట అన్న మాట: "డబ్బు చాలలేదని కొట్టేశారండీ. ఇంకో పది లక్షలు తెచ్చి అకౌంట్లో వేస్తాను, మళ్లీ పెట్టండి." బాబాయి అప్పటికే ఆ పది లక్షలు సిద్ధం చేసి ఉంచాడు.

లెటర్ తీసి చదివాను. డబ్బు చాలలేదని అందులో ఎక్కడా లేదు. కావలసిన మొత్తం వరసగా 28 రోజులు చేతిలో ఉన్నట్టు చూపలేదని ఉంది. ఈ రెంటికీ ఉన్న తేడా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ లెటర్ వాళ్ల ఫోన్‌లో పది మందికి ఫార్వర్డ్ అయింది కానీ మొదటి పేజీ దాటి ఎవరూ చదివినట్టు లేదు.

ముందు రూల్ సంగతి. యూకే స్టూడెంట్ వీసాకి క్యాస్‌లో (సీటు ఖాయమని యూనివర్సిటీ ఇచ్చే పత్రం) బాకీ చూపిన మొదటి ఏడాది ట్యూషన్ ఫీజుకు తోడు గరిష్ఠంగా 9 నెలల జీవన ఖర్చు చూపాలి. 2025 జనవరి 2 నుంచి ఆ ఖర్చు లండన్‌లో అయితే నెలకు 1,483 పౌండ్లు, లండన్ బయట అయితే 1,136. మన అబ్బాయి లండన్ బయట, కాబట్టి 10,224 పౌండ్లు. మొత్తం ఫీజు 16,000లో 6,000 ముందే కట్టేశారు, మిగిలింది 10,000. అంటే చూపాల్సింది 20,224 పౌండ్లు. ఈ డబ్బు వరసగా 28 రోజులు అకౌంట్లో ఉండాలి, అందులో ఒక్క రోజు కూడా ఆ అంకెకు కిందికి దిగకూడదు. 28వ రోజు అప్లికేషన్ తేదీకి ముందు 31 రోజుల లోపల పడాలి. అప్లికేషన్ తేదీ అంటే ఆన్‌లైన్‌లో ఫీజు కట్టిన రోజు, వేలిముద్రలు, పత్రాలు ఇవ్వడానికి వీఎఫ్ఎస్ సెంటర్‌కి వెళ్లిన రోజు కాదు. కొన్ని దేశాల విద్యార్థులకు ఈ పత్రాలు ముందే పెట్టనక్కర లేని వెసులుబాటు ఉంది, చైనా ఆ జాబితాలో ఉంది, మనం లేము.

ఆన్‌లైన్‌లో ఫీజు కట్టింది జులై 10న. పౌండు అప్పుడు 116 రూపాయల దగ్గర ఉంది. లెక్క కడితే 23 లక్షల 46 వేలు. చూపించిన డబ్బు రెండు చోట్ల ఉంది: ఒక బ్యాంకులో 15 లక్షల ఎఫ్‌డీ, ఇంకో బ్యాంకు సేవింగ్స్‌లో ఆ నెలంతా 8 లక్షల 72 వేలకు తగ్గని బ్యాలెన్స్. మొత్తం 23 లక్షల 72 వేలు. మార్జిన్ 26 వేలు. వీసాలిచ్చే యూకే హోం ఆఫీసు వాళ్లు రూపాయిని పౌండ్లలోకి మార్చడానికి అప్లికేషన్ రోజు ఓఆండా వెబ్‌సైట్ రేటు చూస్తారు. పౌండు ఒకటిన్నర రూపాయి పెరిగి ఉంటే అక్కడే పోయేది. ఇంత బిగుతు లెక్క నేనైతే పంపను, కానీ రిజెక్షన్ వచ్చింది దీని వల్ల కాదు.

వచ్చింది ఎఫ్‌డీ వల్ల. 2025 జూన్ 6న రిజర్వ్ బ్యాంకు రెపో రేటును అర శాతం తగ్గించి 5.5కు తెచ్చింది. ఇక బ్యాంకులు వడ్డీ కోసేస్తాయని ఊళ్లో అందరూ అనుకుంటున్న రోజులవి. తండ్రి తన పాత ఎఫ్‌డీ జూన్ 20న, శుక్రవారం, క్లోజ్ చేయించాడు. డబ్బు అదే బ్యాంకులో ఉన్న తన సేవింగ్స్ ఖాతాలో పడింది. మర్నాడు శనివారం వెళ్లి 444 రోజుల స్కీములో కొత్త ఎఫ్‌డీ వేశాడు. రైతుగా, ఇంటి పెద్దగా తెలివైన పనే చేశాడు. వీసా ఫైల్ చూసేవాళ్లు మాత్రం ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దని ముందే ఆయనకు చెప్పి ఉండాల్సింది.

ఆఫీసర్ ముందుకు వెళ్లిన కాగితాలు ఏమిటో చూడండి. కొత్త ఎఫ్‌డీ బాండు, దాని మీద తేదీ 21 జూన్. రెండో బ్యాంకు సేవింగ్స్ స్టేట్‌మెంట్, జులై 8 దాకా. జులై 8 నుంచి వెనక్కి 28 రోజులు లెక్కపెడితే మొదటి రోజు జూన్ 11. జూన్ 11 నుంచి 20 దాకా ఆ 15 లక్షలు ఎక్కడున్నాయో ఏ కాగితమూ చెప్పడం లేదు. పాత ఎఫ్‌డీ ఒకటి ఉండేదన్న సంగతే ఆఫీసర్‌కు తెలియదు. ఆయన దృష్టిలో ఆ 15 లక్షల వయసు 18 రోజులు.

ఎఫ్‌డీ ఉన్న బ్యాంకులోని సేవింగ్స్ స్టేట్‌మెంట్ ఒక్క పేజీ పెట్టి ఉంటే జూన్ 20న జమ, 21న డెబిట్ కనబడేవి. దానికి పాత ఎఫ్‌డీ క్లోజర్ అడ్వైస్ (మూసినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం) జత చేస్తే గొలుసు పూర్తయ్యేది. ఆ రెండు కాగితాలూ ఇంట్లో బీరువాలోనే ఉన్నాయి! "ఆ అకౌంట్లో ఇప్పుడు రెండు వేలే ఉన్నాయి కదా, అది పెడితే బాగుండదు అన్నారండీ" అన్నాడు అబ్బాయి. ఇంకో తొమ్మిది పది రోజులు ఆగి వేసినా సరిపోయేది. కొత్త ఎఫ్‌డీకి జులై 18తో 28 రోజులు నిండాయి. పత్రం తక్కువైతే ఆఫీసర్ అడిగి తెప్పించుకునే వీలు ఉంది కానీ అడిగి తీరాలన్న నియమం లేదు. ఈ కేసులో అడగలేదు.

రిజెక్షన్ జులై 31న వచ్చింది. ఇక్కడ రెండు దారులు. ఒకటి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, 80 పౌండ్ల ఫీజు, 28 రోజుల్లో వేయాలి. కానీ అది ఆఫీసర్ పొరపాటు చేశాడని చూపడానికి, కొత్త పత్రాలు పెట్టడానికి కాదు. తన ముందున్న కాగితాల మీద ఆఫీసర్ ఇచ్చిన నిర్ణయం సరైనదే. కుటుంబానికి ఇది మింగుడు పడలేదు. "డబ్బు ఉందిగా సార్ మన దగ్గర, దొంగ లెక్కేం కాదుగా" అని తండ్రి రెండు మూడు సార్లు అన్నాడు. ఆయన బాధ నిజం. కానీ రివ్యూలో ఆ బాధ చెప్పుకునే గడి లేదు. పైగా రివ్యూ నడుస్తుండగా కొత్త అప్లికేషన్ వేస్తే రివ్యూ దానంతట అదే పోతుంది. రెండో దారి కొత్త అప్లికేషన్. దాన్నే ఎంచుకున్నాం.

ఈ లోపు ఇంకో మూడో దారి కూడా ఇంటికి వచ్చింది. విజయవాడ నుంచి ఒకాయన ఫోన్ చేసి, ముప్పై లక్షల "ఫండ్స్ చూపిస్తాను", కమిషన్ ఇస్తే చాలు, స్టేట్‌మెంట్ పాత తేదీలతో వస్తుంది అన్నాడట. పాత తేదీలతో రావడం అంటే ఏమిటో వివరించి చెప్పాల్సి వచ్చింది. యూకే వాళ్లు బ్యాంకుకు నేరుగా రాసి సరిచూసుకుంటారు. దొంగ పత్రం అని తేలితే ఈ ఏడాది సీటు పోవడంతో ఆగదు, పదేళ్ల వరకు వేసిన ప్రతి అప్లికేషనూ కొట్టేసే వీలు వాళ్లకుంది. ఇప్పుడున్న రిజెక్షన్ మామూలు రకం, కాగితం సరిచేస్తే మాసిపోయే మచ్చ. చేతిలో నిజం డబ్బు పెట్టుకుని అద్దె డబ్బుకు వెళ్లడం ఏమిటని బాబాయే ఆ ఫోన్ కట్ చేయించాడు.

కొత్త అప్లికేషన్‌కు కొత్త క్యాస్ కావాలి. ఒక క్యాస్ ఒక్క అప్లికేషన్‌కే, అది వాడేసినట్టే లెక్క. ఇక్కడ యూనివర్సిటీ బిగుసుకుంటుంది, దానికి కారణం ఉంది. అప్పటి రూల్ ప్రకారం ఒక యూనివర్సిటీ ఇచ్చిన క్యాస్‌ల మీద వీసా రిజెక్షన్లు 10 శాతానికి చేరితే దాని స్పాన్సర్ లైసెన్సుకే, అంటే విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతికే ముప్పు. 2025 మేలో వచ్చిన ప్రభుత్వ శ్వేతపత్రం ఆ గీతను 5 శాతానికి దించుతామంది. అప్పటి నుంచి అడ్మిషన్ ఆఫీసుల భాషే మారిపోయింది. మా మెయిల్‌కు వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది, కానీ లోపల సారాంశం ఒకటే: మళ్లీ రిజెక్ట్ కాదని మమ్మల్ని నమ్మించండి.

నమ్మించడానికి పొడుగు లేఖ రాయలేదు. ఒక్క పేజీలో తేదీల వారీగా పట్టిక పెట్టాం. ఏ రోజు ఏ ఖాతాలో ఎంత, మొదటిసారి ఏ పది రోజులకు కాగితం లేదు, ఇప్పుడు ఏ పత్రం ఆ ఖాళీ నింపుతుంది. యూనివర్సిటీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పెట్టింది. అబ్బాయి ముందు ప్రాక్టీసులో "మీ యూనివర్సిటీ ప్రపంచ స్థాయి ప్రమాణాలకు పేరుగాంచింది" అని అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. ఎవరో రాసిచ్చిన కాగితం. అది పక్కన పెట్టించి, నీ కోర్సులో ఉన్న సప్లై చైన్ మాడ్యూల్‌కీ మీ దుగ్గిరాల పసుపు యార్డుకీ సంబంధం ఏమన్నా ఉందా అని అడిగాను. అరగంట ఆపకుండా మాట్లాడాడు. ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పాడు, ఇంగ్లిష్ కొంచెం తడబడినా. క్యాస్ ఆగస్టు 12న వచ్చింది.

అసలు చిక్కు ఈ మధ్యలో బయటపడింది. రెండోసారి కూడా అవే ఖాతాలు చూపిద్దామంటే లెక్క కుదరడం లేదు. కారణం, మొదటి అప్లికేషనే! జులై 10న వీసా ఫీజు 524 పౌండ్లు, ఐహెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే రుసుము) కింద 1,164 పౌండ్లు, రెండూ తండ్రి సేవింగ్స్ నుంచే వెళ్లాయి. దాదాపు రెండు లక్షలు. రిజెక్ట్ అయితే ఐహెచ్ఎస్ వెనక్కి వస్తుంది, వీసా ఫీజు రాదు. ఆ ఐహెచ్ఎస్ ఇంకా రాలేదు. వచ్చినా ఉపయోగం లేదు, వచ్చిన రోజు నుంచే దానికి 28 రోజుల లెక్క మొదలవుతుంది. సేవింగ్స్‌లో ఇప్పుడు ఉన్నది 6 లక్షల 70 వేలు. ఎఫ్‌డీతో కలిపి 21 లక్షల 70 వేలు. పౌండు ఈలోగా 118కి దగ్గరైంది, కావలసింది 23 లక్షల 80 వేలు. రెండు లక్షల పైచిలుకు తరుగు. రెండోసారి అప్లికేషన్ వేసేవాళ్లలో చాలామంది పడేది ఈ గుంటలోనే. మొదటిసారి సరిపోయింది కదా అని పాత లెక్కే పట్టుకుంటారు.

బాబాయి పది లక్షలు మళ్లీ చర్చకు వచ్చాయి. ఆ డబ్బు నేరుగా చూపడానికి పనికిరాదు. యూకే రూల్లో విద్యార్థి సొంత ఖాతా, తల్లిదండ్రులు, చట్టబద్ధ సంరక్షకుడు, భాగస్వామి, వీళ్లవే చెల్లుతాయి. బాబాయి, మేనమామ, అన్న, తాతయ్య ఎంత దగ్గరైనా లెక్కలోకి రారు. మన ఇళ్లలో ఇది ఎవరికీ నచ్చే మాట కాదు. అబ్బాయి ఖాతాలోకి వేయించినా 28 రోజులు ఆగాలి, క్లాసులు సెప్టెంబర్ 15న మొదలు. కానీ ఒక ఉపయోగం ఉంది. ట్యూషన్ ఫీజు కింద యూనివర్సిటీకి కట్టేసిన డబ్బుకు 28 రోజుల షరతు లేదు. కట్టినట్టు క్యాస్‌లో ఎక్కితే చాలు, చూపాల్సిన మొత్తం అంత మేర తగ్గిపోతుంది. బాబాయి డబ్బులో రెండున్నర లక్షలు అలా కట్టించవచ్చు. మళ్లీ తేడా వస్తే యూనివర్సిటీ నుంచి రీఫండ్ రావడానికి వారాలు పడుతుంది, ఆ డబ్బు బాబాయి కూతురి పెళ్లి కోసం దాచింది. అది చివరి అస్త్రంగా ఉంచాం.

ఎడ్యుకేషన్ లోన్ సంగతి కూడా చూశాం. లోన్ శాంక్షన్ లెటర్‌కు 28 రోజుల పట్టింపు లేదు, ఆరు నెలల లోపుది అయితే చాలు. కానీ పొలం ఇంకా తాతగారి పేరునే ఉంది, మ్యుటేషన్ కాలేదు, తాకట్టు పెట్టే లోన్ ఆగస్టులో తేలే పని కాదు.

చివరికి దారి అమ్మ దగ్గర దొరికింది. ఆవిడకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అమ్మగా వచ్చిన దాంట్లో 4 లక్షలు ఏడాది పైగా ఎఫ్‌డీలో ఉన్నాయి. ఆ డబ్బు ఇంటి లెక్కలో ఎవరూ ఎప్పుడూ కలపలేదు. అడిగితే ఆవిడే "నాది కూడా ఉంది కదండీ" అంది. కలిపితే 25 లక్షల 70 వేలు. లక్షా 90 వేల మార్జిన్. పౌండు ఎటు కదిలినా ఫరవాలేదు.

ఇక పేర్ల పంచాయితీ. తల్లిదండ్రుల డబ్బు చూపితే అది తల్లిదండ్రులదే అని రుజువు కావాలి, ఆ రుజువు బర్త్ సర్టిఫికెట్. మొదటి ఫైల్లో పదో తరగతి మెమో పెట్టారు. మన దగ్గర పుట్టిన తేదీకి అన్నిచోట్లా అదే పెడతాం, అందులో తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. కానీ యూకే అడిగే పత్రాల జాబితాలో అది లేదు. రిజెక్షన్ లెటర్‌లో ఈ విషయం ఎత్తలేదు, ఎత్తలేదు కదా అని వదిలేస్తే రెండోసారి దీని మీదే కొట్టేయవచ్చు. అబ్బాయి బర్త్ సర్టిఫికెట్ తీస్తే పిల్లవాడి పేరు ఉండాల్సిన గడి ఖాళీ. ఆసుపత్రిలో పుట్టినప్పుడు నమోదు చేశారు, బారసాల తర్వాత పేరు ఎక్కించడం ఎవరికీ గుర్తు లేదు. మా ఏరియాలో ఈ ఖాళీ గడి ఎంత మామూలంటే, నేను ఫైల్ తెరిచిన రోజే ముందు అదే చూస్తాను. మెమో, ఆధార్ జత చేసి మున్సిపాలిటీలో పేరు చేర్పించడానికి వారం పట్టింది.

సర్టిఫికెట్లో తల్లి పేరు ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు ఉంది. ఎఫ్‌డీ మాత్రం పుట్టింటి ఇంటిపేరుతో. తండ్రి పేరులోని "శ్వ" దగ్గర సర్టిఫికెట్లో ఇంగ్లిష్ వీ, బ్యాంకులో డబ్ల్యూ. తెలుగులో రెండూ ఒకటే, ఇంగ్లండ్‌లో కూర్చున్న ఆఫీసర్‌కి ఇద్దరు మనుషులు కావచ్చు. తల్లికి భర్త పేరున్న ఓటరు కార్డు, పాన్ కార్డు, రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ పెట్టాం. తండ్రికి కూడా అలాంటిదే. ఇద్దరి నుంచి విడివిడిగా, ఇతడు మా కొడుకు, ఈ డబ్బు చదువుకు వాడుకోవడానికి మా సమ్మతి ఉంది అని సంతకం చేసిన లేఖలు.

బ్యాంకు లెటర్ దగ్గర సగం రోజు పోయింది. బ్రాంచిలో ఇచ్చే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ ఫార్మాట్‌లో ఆ రోజు బ్యాలెన్స్ ఒక్కటే ఉంటుంది. మనకు కావలసింది ఎఫ్‌డీ నంబరు, ఖాతాదారు పేరు, వేసిన తేదీ, 28 రోజులుగా ఈ మొత్తం కదలకుండా ఉందన్న వాక్యం, ఎప్పుడైనా తీసుకోవచ్చన్న వాక్యం, లెటర్‌హెడ్ మీద తేదీ. మేనేజర్ "మా సిస్టమ్‌లో ఈ ఫార్మాటే వస్తుందండీ" అన్నారు. గొడవ పెట్టుకుని లాభం లేదు. సిస్టమ్ లెటర్ అలాగే తీసుకుని, దాని కింద రెండు వాక్యాలు టైపు చేసి సీలు వేయమన్నాను, ఆ రెండు వాక్యాలు కాగితం మీద రాసి చూపాను. చదివి, ఇందులో తప్పేం లేదుగా అని వేసిచ్చారు. అన్ని బ్యాంకుల లెటర్లూ ఆగస్టు 11 తేదీతోనే తీసుకున్నాం. వెనక్కి 28 రోజులు అంటే జులై 15 నుంచి, జులై 10 డెబిట్లు ఆ కిటికీకి బయట పడ్డాయి. ఆ నెలంతా తండ్రి సేవింగ్స్ ముట్టుకోలేదు. నాట్ల రోజులు, ఎరువుల కొట్లో అరువు పెట్టాడు. కోఆపరేటివ్ సొసైటీలో ఆయనకు ఇంకో లక్ష ఉంది కానీ చేతిరాత పాస్‌బుక్, దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

ఆగస్టు 14న ఫీజు కట్టాం, ఈసారి బాబాయి కార్డుతో. ఫీజు ఎవరు కట్టారన్నది వీసాకు పట్టదు, తండ్రి ఖాతా మాత్రం కదలకుండా ఉంది. ఫారంలో గతంలో ఎప్పుడైనా వీసా తిరస్కరించారా అన్న ప్రశ్నకు అవును అని టిక్ పెట్టి, తేదీ, కారణం రెండు వాక్యాల్లో రాశాం. స్నేహితులెవరో "లేదని పెట్టేయరా, పట్టించుకోరు" అన్నారట. తిరస్కరించిన వాళ్లకే తిరస్కరించలేదని చెప్పడం! జూన్‌లో తీసిన టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది, మళ్లీ ఎక్స్‌రే అక్కర్లేదు. వేలిముద్రలకు మాత్రం మళ్లీ హైదరాబాద్ వెళ్లాడు.

సెప్టెంబర్ మొదటి వారంలో వీసా వచ్చింది. పాస్‌పోర్టులో స్టిక్కర్ లేదు. 2025 జులై 15 నుంచి స్టూడెంట్ వీసా ప్రధాన దరఖాస్తుదారులకు ఈ-వీసాయే. తండ్రికి ఇది కొత్త టెన్షన్, ఖాళీ పాస్‌పోర్టుతో శంషాబాద్‌లో ఆపరా అని. అబ్బాయితో ఈ-వీసా కనబడే యూకేవీఐ ఆన్‌లైన్ అకౌంట్ తెరిపించి, పాస్‌పోర్టు నంబరు దానికి సరిగ్గా లింక్ అయిందో లేదో చూసి, స్టేటస్ పేజీ ప్రింటు తీసి ఇచ్చాను. ప్రింటు అవసరం లేదు, తండ్రి కోసం ఇచ్చింది. మొదటి ఐహెచ్ఎస్ డబ్బు ఈలోగా కట్టిన కార్డుకే తిరిగి వచ్చింది.

ఈ కేసు తర్వాత నా చెక్‌లిస్టులో ఒక వరస పెరిగింది: గత మూడు నెలల్లో ఏ ఎఫ్‌డీ అయినా తెరిచారా, మూశారా, రెన్యూ చేశారా. ఆటో రెన్యువల్ అయినా సరే, బాండు మీద తేదీ నేనే చూస్తాను. ఇంకో సంగతి, 2025 నవంబర్ 11 నుంచి నెల ఖర్చు లండన్ బయట 1,171 పౌండ్లకు, లండన్‌లో 1,529కి పెరిగింది. పైన చెప్పిన 10,224 ఇప్పుడు వేసేవాళ్లకు 10,539. పాత ఫైల్ చూసి కొత్త ఫైల్ తయారు చేసేవాళ్లు ఈ అంకె ముందు మార్చుకోండి.